మండలం అంటే ఎంత? ఒక మాట, నాలుగు కొలతలు

సికింద్రాబాద్‌లో రైల్వే డివిజనల్ మేనేజర్‌ని హిందీ బోర్డుల మీద 'మండల్ రేల్ ప్రబంధక్' అని రాస్తారు. తెలుగు చదివేవాడికి అది చూడగానే చిన్న అనుమానం వస్తుంది. మన లెక్కలో మండలం అంటే ఓ పాతిక ఊళ్ళు. ఆ అధికారి చేతికింద ఉన్నవేమో వందల కిలోమీటర్ల పట్టాలు. ఉత్తరప్రదేశ్‌లో మండలం అంటే కొన్ని జిల్లాల సముదాయం, దాని మీద కమిషనర్ ఉంటాడు. అంటే అక్కడ మండలం జిల్లా కంటే పెద్దది, ఇక్కడ జిల్లాలో చిన్న ముక్క. వందేళ్ళ కిందటి తెలుగు పత్రికలు తిరగేస్తే 'కృష్ణా మండలము', 'గోదావరీ మండలము' అని కనిపిస్తాయి. అక్కడ మండలమే జిల్లా. ఇంకా వెనక్కి, చోళుల కాలానికి వెళితే తొండమండలం దాదాపు ఒక రాజ్యమంత.

ఒకే మాటకి ఇన్ని కొలతలు ఎలా వచ్చాయి? ఈ ప్రశ్న పండితులకి మాత్రమే సంబంధించింది కాదు. తెలంగాణలో 2016 అక్టోబర్ 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కి చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ఇలాంటి మార్పు వచ్చిన ప్రతిసారీ మా మండలం ఏ జిల్లాలోకి వెళ్ళింది, పాత తాలూకా పేరు ఇప్పుడు దేనికి వర్తిస్తుంది, ఎమ్మార్వో ఆఫీసు, తహసీల్దారు ఆఫీసు ఒకటేనా అని జనం అడుగుతూనే ఉంటారు. వీటికి జవాబు చెప్పాలంటే ముందు ఆ మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలి.

గుండ్రనిదల్లా మండలమే

సంస్కృతంలో మండలం అంటే గుండ్రనిది, చుట్టు, వలయం. సూర్యమండలం, చంద్రమండలం అన్నప్పుడు మనకి తోచేది ఆ గుండ్రని బింబమే. ఈ అర్థం తెలుగులో మూడు దారుల్లో పాకింది. కాలంలో ఒక చుట్టు తిరిగితే అదీ మండలమే: 41 రోజుల అయ్యప్ప దీక్ష మండల దీక్ష, ఆయుర్వేద వైద్యుడు "ఒక మండలం పాటు వాడి చూడండి" అంటాడు. మనుషులు చుట్టూ చేరితే మండలి: మంత్రిమండలి, శాసనమండలి. నేల మీద ఒక కేంద్రం చుట్టూ గీత గీస్తే పాలనా మండలం.

చుట్టు ఎంత పెద్దదో ఆ మాటలో లేదు. సూర్యుడిదీ మండలమే, రాగి నాణెం అంచూ మండలమే. కాబట్టి 'మండలం' అనే పేరుకి సహజంగా ఏ విస్తీర్ణమూ లేదు. మధ్యలో ఏది ఉంది, ఆ మధ్యలో కూర్చున్నవాడి చేయి ఎంతదూరం సాగుతుంది అన్నదాన్ని బట్టి కొలత మారుతుంది. పైన చెప్పిన తికమకలన్నిటికీ మూలం ఇదే అని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. మండలాల పాలన కౌటిల్యుడి కాలం నుంచే ఉందని కొందరు అంటుంటారు. అర్థశాస్త్రంలో మండలం ఉన్న మాట నిజమే, కానీ అది ఊళ్ళ సముదాయం కాదు, రాజుల సముదాయం. జయం కోరే రాజు మధ్యలో ఉంటాడు, అతని పొరుగువాడు శత్రువు, ఆ శత్రువుకి అవతలివాడు మిత్రుడు... ఇలా 12 మంది రాజులతో లెక్కించే రాజమండలం అది. ఊళ్ళని గుదిగుచ్చడానికి ఆ గ్రంథం వాడిన మాటలు వేరు: 10 ఊళ్ళకి సంగ్రహణం, 200 ఊళ్ళకి ఖార్వటికం, 400 ఊళ్ళకి ద్రోణముఖం, 800 ఊళ్ళకి స్థానీయం.

శాసనాల్లో మండలం పెద్దది, నాడు దగ్గరిది

దక్షిణాదిన మండలం భూభాగానికి పేరుగా స్థిరపడింది చోళుల పాలనలో. వాళ్ళ ఏర్పాటులో మండలం పైమెట్టు, దాని కింద వళనాడు, దాని కింద నాడు. చోళమండలం అన్న పేరే యూరోపియన్ల నోట్లో నలిగి కోరమండల్ అయిందని ఎక్కువమంది ఒప్పుకునే మాట. కోరమండల్ ఎక్స్‌ప్రెస్ పేరులో మన ఎమ్మార్వో ఆఫీసు బోర్డు మీది మండలమే దాగి ఉంది.

తెలుగు నేల మీద కూడా మండలం రాజుకి దగ్గరి మాటగానే ఉండేది. తొలి కాకతీయుల బిరుదు 'మహామండలేశ్వర'. 1163 నాటి హనుమకొండ శాసనంలో రుద్రదేవుడికి ఆ బిరుదు ఉంది. మండలేశ్వరుడు, మండలీకుడు అంటే పైచక్రవర్తికి లోబడి, తన చుట్టును తాను ఏలుకునేవాడు. ఇప్పటి మండలాధ్యక్షుడితో అతన్ని పోల్చడం కుదరదు.

మరి ఊళ్ళకి దగ్గరగా ఉన్న విభాగాలని ఏమనేవారు? శాతవాహనుల కాలంలో 'ఆహారం'. అవును, ఇప్పుడు మనం తినేదానికి వాడే మాటే. తూర్పు చాళుక్యుల కాలంలో 'విషయం': గుడివాడ ప్రాంతం గుద్రవార విషయం. అప్పట్లో ఎవరైనా "నీ విషయం ఏమిటి?" అని అడిగితే "ఏ జిల్లావాడివి?" అని అర్థం చేసుకోవచ్చన్నమాట. గుండ్లకమ్మ నది పరిసరాలకి కర్మరాష్ట్రం అని పేరు. రాష్ట్రం అన్న మాట కూడా ఒకప్పుడు ఇప్పటికంటే ఎంతో చిన్న నేలకి సరిపోయిందని దీన్నిబట్టి తెలుస్తుంది. కాకతీయుల కాలానికి నాడు, స్థలం. విజయనగరం నాటికి రాజ్యం, సీమ, స్థలం.

వీటిలో ప్రభుత్వ కాగితాల మీద మిగిలినవి తక్కువ, నోళ్ళలో మిగిలినవి ఎక్కువ. వెలనాడు, పాకనాడు, రేనాడు, పలనాడు, కోనసీమ, దివిసీమ. శతాబ్దాల తర్వాత 2022లో పల్నాడు, కోనసీమ మళ్ళీ జిల్లాల పేర్లయి కాగితం ఎక్కాయి. జనం పెట్టుకున్న పేరుకి గెజిట్ అక్కర్లేకపోయినా, గెజిట్ చివరికి ఆ పేరే వెతుక్కుంది.

తాలూకా, తహసీలు, జిల్లా, ఫిర్కా: నాలుగు అరబ్బీ మాటలు

గోల్కొండ, మొగలు, నిజాం పాలనల్లో పార్శీ రాజభాష కావడంతో పాలన మాటలన్నీ మారిపోయాయి. ఆ మాటల్లో చాలావాటికి మూలం అరబ్బీ. వీటి అసలు అర్థాలు తెలిస్తే ఒక సంగతి బయటపడుతుంది: ప్రతి పేరూ ఆనాటి ప్రభుత్వం ఊరి నుంచి ఏం కోరుకుందో చెబుతుంది.

తాలూకాకి మూలం 'తఅల్లుక్'. సంబంధం, ఒకదాన్ని పట్టుకుని వేలాడటం అని అర్థం. ఈ అర్థం మనం రోజూ వాడుతూనే ఉన్నాం. "ఈ సంచి ఎవరి తాలూకు?" "పెళ్ళికొడుకు తాలూకు వాళ్ళు వచ్చారు." ఇక్కడి 'తాలూకు', పాలనలోని 'తాలూకా' ఒకే మాట. ఒక అధికారికి లేదా ఒక కచేరీకి సంబంధించిన నేల తాలూకా.

తహసీలుకి అర్థం రాబట్టడం, వసూలు. తహసీల్దారు అంటే వసూలు చేసేవాడు. దీని చుట్టాలు మన భాషలో బోలెడు ఉన్నాయి. మహసూలు (పన్ను, పంట రాబడి) ఆ ధాతువు నుంచే. వారపు సంతలో బుట్ట దించగానే చీటీ పుస్తకంతో ఒకతను వచ్చి పది రూపాయలు అడిగి 'ఆశీలు' అంటాడు చూడండి, అది హాసిల్. సంతలో ఆశీలు రాసే మనిషి, మండల కేంద్రంలో తహసీల్దారు, మాట మూలం చూస్తే ఒకే ఇంటివాళ్ళు. ఇంగ్లీషువాళ్ళు జిల్లాకి పెట్టిన అధికారిని 'కలెక్టర్' అనడం కూడా ఇదే ఆలోచన. అతని మొదటి పని శిస్తు రాబట్టడం. వసూలు కూడా అరబ్బీ నుంచి వచ్చిందే గానీ దాని ధాతువు వేరు, చెవికి ఒకేలా వినిపిస్తుందంతే.

జిల్లాకి మూలం 'జిలా', అంటే పక్కటెముక, పక్క. తెలుగులోనూ ఆ ఎముక పేరులో 'పక్క' ఉండనే ఉంది. దేశమనే దేహానికి ఒక పక్క జిల్లా అన్నమాట. ఫిర్కాకి మూలం విడదీయడం అన్న ధాతువు. "ఏం ఫరక్ పడదు" అన్నప్పటి ఫరక్ దాని తోబుట్టువే. కొన్ని ఊళ్ళకి ఒక రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ ఉండే చుట్టుని ఆంధ్ర ప్రాంతంలో ఫిర్కా అంటారు. ఆ అధికారినే తెలంగాణలో పెద్దవాళ్ళు గిర్దావర్ అంటారు. అది పార్శీ మాట, 'గిర్ద్' అంటే చుట్టు. గిర్దావర్ అంటే పొలాల చుట్టూ తిరిగేవాడు. మండలం రాకముందే ఆ చుట్టు మన రెవెన్యూ భాషలో పార్శీ వేషంలో ఉందన్నమాట.

ఈ పేర్లు కూడా అన్నిచోట్లా ఒకే హోదా చూపలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో తాలూకా మీద తహసీల్దారు. నిజాం రాజ్యంలోనూ తాలూకా మీద తహసీల్దారే. కానీ రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టిన 1865 జిల్లాబందీ తర్వాత అక్కడ జిల్లా పెద్ద అధికారి పేరు 'అవ్వల్ తాలూక్‌దార్', అంటే ఇప్పటి కలెక్టర్. అవధ్‌లోనైతే (లక్నో చుట్టుపక్కల ప్రాంతం) తాలూక్‌దార్లు అధికారులే కారు, పెద్ద భూస్వాములు. పాత ఉర్దూ కాగితంలో 'తాలూక్‌దార్' సంతకం కనిపిస్తే అది తాలూకా అధికారిది అనుకోకూడదు. నిజాం రాజ్యంలో జిల్లాల మీద సుబాలు, వాటి మీద సుబేదారులు ఉండేవారు. హనుమకొండలో సుబేదారి అన్న ప్రాంతం పేరు ఆ కాలపు గుర్తు.

దత్త మండలాలు: మండలం జిల్లాగా ఉన్న రోజులు

1800లో నిజాం తుంగభద్రకి దక్షిణాన ఉన్న నేలని ఇంగ్లీషు కంపెనీకి అప్పగించాడు. కంపెనీ భాషలో అవి సీడెడ్ జిల్లాలు. దాన్ని తెలుగువాళ్ళు 'దత్త మండలాలు' అన్నారు. ఇవ్వబడినవి కాబట్టి దత్త, జిల్లాలు కాబట్టి మండలాలు. దత్తత పోయినవాళ్ళం అన్న ఛాయ ఉన్న ఆ పేరు అక్కడివాళ్ళకి రుచించలేదు. 1928లో నంద్యాల సభల సందర్భంగా చిలుకూరి నారాయణరావు సూచించిన 'రాయలసీమ' అన్న పేరు నిలబడిపోయింది. జరిగినది చూడండి: సంస్కృత 'మండలం' పోయి, జనం నోట నానిన 'సీమ' వచ్చింది.

కాబట్టి 1985కి ముందు పుస్తకంలో ఎవరి జీవితచరిత్రలోనైనా 'గోదావరీ మండలమున జన్మించెను' అని చదివితే జిల్లా అనే తీసుకోవాలి. ఇప్పటి మండలంగా అర్థం చేసుకుని ఆ పేరు గల మండలం కోసం వెతికితే దొరకదు.

1985లో ఏం జరిగింది

స్వాతంత్ర్యం తర్వాత ఊరికీ జిల్లాకీ మధ్య రెండు వేర్వేరు గీతలు ఉండేవి. రెవెన్యూకి తాలూకా. అభివృద్ధి పనులకి 1952లో మొదలైన సమాజాభివృద్ధి పథకపు బ్లాకు, 1959 చట్టంతో అదే పంచాయతీ సమితి. తాలూకా హద్దు, సమితి హద్దు కలవాలని లేదు. భూమి పాసుపుస్తకానికి ఒక ఊరు, బోరుబావి రుణానికి ఇంకో ఊరు వెళ్ళాల్సి వచ్చేది.

ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1985లో తాలూకాలని, సమితులని తీసేసి రెండిటికీ కలిపి మండలాన్ని పెట్టింది. 1986లో మండల ప్రజా పరిషత్‌లకి చట్టం వచ్చింది, 1987లో వాటికి ఎన్నికలు జరిగాయి. దాదాపు 330 సమితుల స్థానంలో సుమారు 1,100 మండలాలు వచ్చాయి. ఈ అంకెల అర్థం తెలియాలంటే చిన్న భాగహారం చేద్దాం. 1981 జనాభా లెక్కల ప్రకారం రాష్ట్రంలో 5.35 కోట్ల మంది. పట్టణాలని కూడా కలిపేసి చూస్తే సమితికి సగటున 1.6 లక్షల మంది, మండలానికి 49 వేల లోపు. అంటే ఒక్కో ఆఫీసు కింది జనం దాదాపు మూడో వంతుకి తగ్గారు, ఆఫీసూ దగ్గరికి వచ్చింది. నడిచో, ఎడ్లబండి మీదో, దొరికిన బస్సు ఎక్కో వెళ్ళే మనిషికి ఇది చిన్న సంగతి కాదు. పొద్దున వెళ్ళి పనిచూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరడమా, రాత్రి అక్కడే ఎవరి అరుగు మీదో పడుకోవడమా అన్నంత తేడా.

ఈ ఆలోచన ఎక్కడిది అన్నదాని మీద రెండు వాదాలున్నాయి. పంచాయతీల మీద కేంద్రం వేసిన అశోక్ మెహతా కమిటీ 1978లోనే 'మండల పంచాయతీ' అన్న మాట వాడింది, అక్కడి నుంచి తెచ్చుకున్నదే అని ఒక వాదం. పాలనని గడప దగ్గరికి తేవాలన్న ఆనాటి ప్రభుత్వపు సొంత ఆలోచన అని ఇంకొకటి. అంకెలు చూస్తే రెండిటిలోనూ కొంత నిజం ఉంది. మెహతా కమిటీ చెప్పిన మండల పంచాయతీ 15 నుంచి 20 వేల జనాభాకి, జిల్లా పరిషత్ కింద నేరుగా ఉండే అట్టడుగు మెట్టు. కర్ణాటక తన 1983 చట్టంతో ఆ దారి పట్టి కొన్ని ఊళ్ళకి కలిపి ఒక మండల పంచాయతీ పెట్టింది. మన దగ్గర గ్రామ పంచాయతీని ముట్టుకోకుండా మధ్య మెట్టుని చిన్నది చేశారు. పేరు అక్కడిదే అనుకున్నా, కొలత ఇక్కడిది.

ఇంకో గందరగోళం కూడా ఉంది. రిజర్వేషన్ల చర్చల్లో వినిపించే మండల్ కమిషన్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదు. అది ఆ కమిషన్ అధ్యక్షుడు బి.పి. మండల్ ఇంటిపేరు.

దివి తాలూకా ఇప్పుడు ఎక్కడుంది?

1977 నవంబర్ 19 ఉప్పెన గురించి చదివేవాళ్ళకి 'కృష్ణా జిల్లా, దివి తాలూకా' అన్న పేరు పదేపదే ఎదురవుతుంది. ఇప్పటి జాబితాల్లో దివి మండలం అన్నది లేదు. ఆ తాలూకా నేల అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక, మోపిదేవి, చల్లపల్లి వంటి మండలాలుగా విడిపోయింది. తాత పేరున ఉన్న దస్తావేజులో 'దివి తాలూకా' అని ఉంటే, అందులో గ్రామం పేరు చూసి, ఆ గ్రామం ఇప్పుడు ఏ మండలంలో ఉందో వెతకాలి. తాలూకా పేరుకి సమానమైన మండలం పేరు వెతకడం వృథా. తాలూకా కేంద్రం పేరుతోనే మండలం ఉన్నచోట మోసం ఇంకా ఎక్కువ. పాత తాలూకాలో ఉన్న ఊరు ఆ పేరు గల మండలంలోనే ఉండాలని లేదు.

తాలూకా పోయినా దివిసీమ మాత్రం పోలేదు. కృష్ణమ్మ రెండు పాయల మధ్యనున్న ఆ నేలకి ఏ ప్రభుత్వమూ హద్దు గీయనక్కర్లేదు.

ఒకే పేరుతో రెండు మండలాలు

రెవెన్యూ, అభివృద్ధి గీతలు ఒకటయ్యాయని చెప్పాను గానీ ఆఫీసులు ఒకటి కాలేదు. భూమి రికార్డులు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు తహసీల్దారు దగ్గర. రోడ్లు, బడులు, పథకాలు మండల పరిషత్ దగ్గర, అంటే ఎంపీడీవో (అభివృద్ధి అధికారి), ఎన్నికైన ఎంపీటీసీలు (సభ్యులు), వాళ్ళు ఎన్నుకునే ఎంపీపీ (అధ్యక్షుడు). 1987లో అధ్యక్షుణ్ణి ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. 1994 చట్టం తర్వాత ఎంపీటీసీల ద్వారా. తహసీల్దారు పేరు 1985లో ఎమ్మార్వో (మండల రెవెన్యూ అధికారి) అయింది, తర్వాత మళ్ళీ తహసీల్దార్ అయింది. జనం నోట ఎమ్మార్వో అలాగే ఉండిపోయింది. రెండూ ఒకే కుర్చీ.

ఈ తేడా కళ్ళకి కట్టేది హైదరాబాద్‌లో. షేక్‌పేటలో అపార్ట్‌మెంట్‌లో ఉండే మనిషి ఆదాయ ధ్రువపత్రం దరఖాస్తులో 'మండలం: షేక్‌పేట' అని రాస్తాడు. అక్కడ తహసీల్దారు ఉన్నాడు. కానీ మండల పరిషత్ లేదు, ఎంపీటీసీ లేడు, హైదరాబాద్ జిల్లాకి జిల్లా పరిషతే లేదు. నగరంలో రెవెన్యూ మండలం ఉంటుంది, ప్రజా మండలం ఉండదు. రాజ్యాంగం 73వ సవరణ (1992) కూడా ఈ మెట్టుకి పేరు పెట్టలేదు, 'మధ్య స్థాయి' అని ఊరుకుంది. అందుకే అది కర్ణాటకలో తాలూకు పంచాయతీ, తమిళనాడులో పంచాయత్ యూనియన్, మహారాష్ట్రలో పంచాయతీ సమితి. 20 లక్షలకి మించని జనాభా ఉన్న రాష్ట్రాలు ఆ మెట్టు లేకుండానే నడుపుకోవచ్చు.

పేరు మీద, పరిమాణం మీద వాదాలు

అరబ్బీ, పార్శీ పేరు తీసి 'మన' పేరు పెట్టారని మెచ్చుకున్నవాళ్ళున్నారు. మండలమూ తెలుగు మాట కాదు, సంస్కృతమే, అసలు తెలుగు కావాలంటే నాడు ఉందిగా అన్నవాళ్ళూ ఉన్నారు. నాకు రెండో మాటలో బలం కనిపిస్తుంది. అయితే అంతకంటే ముఖ్యం ఇంకోటి: 'తాలూకు' అన్న మాటని తెలుగు ఇల్లాలు పరాయి మాటగా ఎన్నడూ అనుకోలేదు. మూడు నాలుగు వందల ఏళ్ళు నోట్లో నానిన మాటకి పుట్టుక అడగడం అంత న్యాయం కాదు.

పరిమాణం మీద వాదం ఇంతకంటే బరువైనది. చిన్న మండలం వల్ల ఆఫీసు దగ్గరయింది, సమితి బ్లాకు అధికారి బీడీవో ఊళ్ళవైపు చూడని రోజులు పోయాయి అంటారు అనుకూలురు. సిబ్బందిని, నిధులని మూడు ముక్కలు చేస్తే ఏ ముక్కకీ సత్తువ ఉండదు, అసలు నిర్ణయాలన్నీ జిల్లాకి, రాజధానికి పోతాయి అంటారు విమర్శకులు. పరిషత్ అన్న మాటకి అర్థం చుట్టూ కూర్చున్నవాళ్ళు. మండల పరిషత్ అంటే చుట్టులో చుట్టూ కూర్చోవడం. అలా కూర్చున్నవాళ్ళ ముందు పంచడానికి ఏమైనా ఉందా అన్నదే విమర్శకుల ప్రశ్న. దానికి జవాబు ఏటేటా బడ్జెట్ కాగితాల్లో చూసుకోవాలి, నిఘంటువులో దొరకదు.

ఇంత జరిగినా తాలూకా పూర్తిగా పోలేదు. ఒంగోలులో, కర్నూలులో తాలూకా పోలీస్ స్టేషన్ అన్న బోర్డులు ఇప్పటికీ ఉన్నాయి. తాలూకా రద్దయిన తర్వాత పుట్టినవాళ్ళు ఆ బోర్డు కిందే నిలబడి ఫిర్యాదు రాస్తారు, చిరునామా గడిలో మండలం పేరు నింపుతారు.